పొమ్మన్న తల్లి

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! నిప్పులు చెరిగే ఎండలో, పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది...!

కౌతాళం దాటాక పత్తిచేల నడుమ, కాలవగట్టు మీద అక్కాచెల్లెళ్లు ఇంటికి నడుస్తున్నారు. అక్క ఉరుకుందమ్మకు పదిహేడేళ్లు. చెల్లెలు శిరీషకు పదమూడు. దారికి అడ్డంగా ఒక అపరిచితుడు నిలబడ్డాడు. జడలు కట్టిన జుట్టు, రక్తారుణ నేత్రాలు, చంకలో ఎర్రగుడ్డ మూట!

"మీ అమ్మ తోటకాడ పడిపోయింది. నా వెంట రండి!"

"మాయమ్మ పొద్దున్నే బస్సెక్కి ఉరుకుంద ఈరన్న గుడికి పోయింది. నువ్వెవురు?" అంది ఉరుకుందమ్మ.

శిరీష అక్క చెయ్యి పట్టుకుంది. "అక్కా, వాని సూపు బాగలేదు. ఎనక్కి పోదాం పా..."

"ఒక్కడు. మనం ఇద్దరుండాము. ఏం జేస్తాడే?" అక్క నవ్వింది. పదిహేడేళ్ల ప్రాయానికి మృత్యువెప్పుడూ పరాయివాళ్లదే!

మరుక్షణం వాడి చెయ్యి శిరీష జడ మీద పడింది! ఉరుకుందమ్మ పులిలా దూకి ఆ చేతిని కొరికింది.

"ఉరుకే శిరీ! ఎనక్కి సూడొద్దు!"

శిరీష పరుగెత్తింది. కూలీలను వెంటబెట్టుకొని వచ్చేసరికి గట్టు మీద అక్క పడి ఉంది. ఒంటి మీద గాయమే లేదు... జడ లేదు... ప్రాణం లేదు!

"అక్కను ఇడిసిపెట్టి నేనురికినానమ్మా..." అని ఆ పిల్ల రోజూ ఏడ్చింది. తల్లి తిమ్మక్క ఆమెను పొదువుకొని కూర్చునేది.

తొమ్మిదో నాటి సంధ్యవేళ... మేఘాలు భీకరంగా గర్జించాయి! ఊరవతల గుండ్లగుట్టలో, గట్టు మీద అడ్డగించిన ఆ జడలవాడు, ఆ మాంత్రికుడు, కపాలం ముందు ఉరుకుందమ్మ జడను హోమాగ్నిపై పట్టుకొని, బంధించిన ఆత్మను ఆజ్ఞాపించాడు. "నా ముఖం చూసిన ఆ పిల్లను ఆవహించు! ఇక్కడికి తీసుకురా!"

ఇంట్లో శిరీష కెవ్వుమంది! కళ్లు తేలవేసి, గుట్టవైపు పరుగు తీసింది. తిమ్మక్క గుండెలు బాదుకుంటూ వెంటపడింది.

"వచ్చావా! ఇక దాని ప్రాణం తియ్!" వికటాట్టహాసం చేశాడు వాడు.

శిరీష గొంతులోంచి ఉరుకుందమ్మ పలికింది. "నా చెల్లెల్నా...? నేను సచ్చిందే దాన్ని బతికించుకునేదానికిరా!"

ఫెళ్లున కపాలం పగిలింది! హోమాగ్ని సర్పంలా లేచి వాణ్ని చుట్టేసింది. దిక్కులు పిక్కటిల్లేలా ఒక్క ఆర్తనాదం... ఆపై బూడిద!

శిరీష, అప్పుడే చేరుకున్న తల్లి ఒళ్లో వాలింది. ఒళ్లు మంచులా చల్లబడుతోంది.

"అమ్మా..." పెద్దకూతురి గొంతు! "నేనీడే, దీని ఒంట్లోనే ఉంటే శిరి బతకదు. కానీ నిన్ను ఇడిసి పోబుద్ధి కాలేదు. నువ్వే పొమ్మని సెప్పమ్మా..."

తిమ్మక్క ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నుదుటిని, కళ్లను, బుగ్గలను తడిమి తడిమి చూసుకుంది. శిరీష ఊపిరి సన్నగిల్లుతోంది...

"పో నా తల్లీ..." అంది. "పో..."

గాలి ఆగింది. శిరీష మెల్లగా కళ్లు తెరిచి చుట్టూ చూసింది.

"అమ్మా... అక్క ఇప్పుడీడే ఉన్నెట్టుండె. యాడికి పోయె?"

తిమ్మక్క ఆ పిల్లను గుండెలకు హత్తుకొని, జడను మెల్లగా నిమిరింది...