లిఫ్ట్ లాక్ తీసిందెవరు?

బుధవారం. మధ్యాహ్నం 2-10కి రాబర్ట్‌సన్‌పేట స్టేషన్‌కు ఫోన్ వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అర్పిత జీపు దిగేసరికి 2-25. మూతబడ్డ బంగారు గని కార్మికుల పాత లైన్లలో ఆఖరి ఇల్లు. పక్కన రేకుల షెడ్డు. షెడ్డు ముందు చాప మీద కేశవ. అప్పటికే ప్రాణం పోయింది.

నలభై నాలుగేళ్ల మనిషి. నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీలో ఫిట్టర్. సెలవురోజుల్లో ఇంట్లో కార్లు బాగుచేస్తాడు. ఎప్పటికైనా కంపెనీ బస్సు ఎక్కడం మానేసి సొంత గ్యారేజీ పెట్టుకోవాలని అతని ఆశ. ఆ ఆశతోనే రెండు నెలల కిందట పోర్టబుల్ కారు లిఫ్ట్ కొన్నాడు. ఆ లిఫ్టే అతని ప్రాణం తీసింది.

అర్పిత షెడ్డులో వంగి చూసింది. శ్రీనివాసపురం మామిడి వ్యాపారి ఒకాయన పాత అంబాసిడర్. దాని కింద రెండు పొడవాటి ఇనుప ఫ్రేములు, అటొకటి, ఇటొకటి. ఆయిల్ ప్రెషర్‌తో లేస్తాయి. పని అయ్యాక ఇద్దరు పట్టుకొని గోడకు ఆనించేయవచ్చు. పైకి లేచాక ఇనుప లాకులు పడతాయి. ఆయిల్ కారిపోయినా, కరెంటు పోయినా కారు కిందికి రాదు.

కానీ వచ్చింది.

"రిమోట్ యాడ?"

హెడ్ కానిస్టేబుల్ నాగేశ్ గోడ అవతలికి చెయ్యి చూపించాడు. "ఇంటి వరండాలో మేడం. షెడ్డు వైరింగు మోటారు లోడు తట్టుకోలేదంట. అందుకని మోటారు, స్విచ్చి ఆడ పెట్టుకున్నారు."

వరండాలో మోటారు. పక్కనే మేకుకు తగిలించిన రిమోట్. దాని వైరు మూడు చుట్లు చుట్టి, పైన ఒక ముడి వేసి ఉంది. గోడ స్విచ్ ఆఫ్‌లో ఉంది. అక్కడ నిలబడితే షెడ్డు లోపలేముందో కనపడదు. రిమోట్ మీద వేలిముద్రలు గ్రీజులో కలగాపులగం అయిపోయాయి.

మనిషిని చంపి, వైరు పద్ధతిగా చుట్టిపెట్టిన హంతకుణ్ణి అర్పిత తన పదకొండేళ్ల సర్వీసులో చూడలేదు. ఆ మాటే నోట్‌బుక్‌లో రాసుకొంది. రాసుకొని మర్చిపోయింది. అదే ఆమె చేసిన తప్పు.

వరండా చివర కుర్చీలో కేశవ తండ్రి చిక్కవెంకటప్ప. ఎనభై రెండేళ్లు. చెవులు ఎప్పుడో మందగించాయి. రెండేళ్లుగా మతి కూడా నిలకడగా లేదు. జనం ఎందుకు ఏడుస్తున్నారో తెలియక, వచ్చిన వాళ్లందరికీ దండం పెడుతున్నాడు.

కేశవ భార్య ప్రేమ కంట్లో నీటిచుక్క లేదు. ఆమె అర్పిత ముందుకొచ్చి నిలబడింది.

"వాడే మేడం. ఆ మునేషే."

మునేష్ కేశవకు చిన్ననాటి స్నేహితుడు. బజారులో మెకానిక్ షెడ్డు ఉంది. కేశవ లిఫ్ట్ కొన్నాక మునేష్ దగ్గరికి వచ్చే కార్లు ఒక్కొక్కటే ఇటు మళ్లాయి. మంగళవారం సాయంత్రం ఇద్దరికీ పెద్ద గొడవ. వీధంతా వింది.

"ఏమన్నాడు?"

"'నా కడుపు మీద కొట్టినావు గదరా. ఆ కారు నీ నెత్తిన పడితేగానీ నీకు తెలిసిరాదు' అన్న్యాడు. తెల్లారి పొద్దున్నే రాజీ అని వచ్చి, ఈయనతో కలిసి పనికి కూచున్న్యాడు."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ రెండూ కళ్ల ముందే ఉన్నాయి.

గురువారం ఉదయం 9-30. స్టేషన్‌లో మునేష్. ఒంటిమీద నిన్నటి గ్రీజు చొక్కానే.

"లిఫ్ట్ బిగించింది ఎవరు?"

"నేను, కేశవ."

"ఎట్లా?"

"షెడ్డు నేల పాతది మేడం. పగలగొట్టి అయిదు అంగుళాలు కాంక్రీటు ఏసినాము. ఇరవై దినాలు తడిపినాము. ముందు కారు లేకుండా పది తూర్లు ఎత్తి దించినాము. ఆమీట కారెక్కించినాము."

"దించేది ఎట్లా?"

"రవంత పైకెత్తల్ల. లాకుల మీద బరువు లేస్తుంది. అప్పుడు లాక్ బటన్ నొక్కల్ల. ఆమీట నిదానంగా డౌన్."

"ఎత్తకుండా డౌన్ నొక్కితే?"

"దిగదు."

"లాక్ తనంతట తాను ఊడితే?"

"ఊడదు మేడం."

"ఈ పద్ధతి ఎవరెవరికి తెలుసు?"

"కేశవకు. నాకు."

తన మెడకు తానే ఉరి బిగించుకుంటున్నాడు. అది తెలియనంత అమాయకుడేమీ కాదు. అర్పితకు అదే అంతుపట్టలేదు.

"రెండింటికి యాడున్నావు?"

"సైలెన్సర్ క్లాంపు కోసరం బజారుకు పోయినా. అంగడి మూసిండాది. 2-10కి వాపసు వచ్చినా. చూస్తే కేశవ కారు కింద... ఇరుగుపొరుగోళ్లతో కలిసి చేతి జాకీతో ఎత్తి లాగినాము."

అదే లైన్లో ఉంటూ డెయిరీకి పాలు పోసే మారమ్మ మాట వేరే ఉంది. "రెండు గంటల సైరన్ మొత్తుకుంటా ఉండంగానే మునేషు బండి గేటుకాడ నిలిచె. నా కండ్లారా చూసినా తల్లీ."

అర్పిత మళ్లీ మునేష్ ముందు కూర్చుంది.

"అబద్ధం ఎందుకు చెప్పినావు?"

మునేష్ చొక్కా మీది గ్రీజు మరక గోకుతున్నాడు.

"రెండింటికే వచ్చినావు. అవునా?"

"ఇంగ నన్నేమీ అడగొద్దు మేడం. లోపలేసేయండి."

సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు లిఫ్ట్‌ను విప్పి చూశాడు. పైపులు బాగున్నాయి. ఆయిల్ లీకు లేదు. లాకుల పళ్ల మీద గీత కూడా పడలేదు.

"ఇది పడలేదు మేడం. దించారు. తెలిసినవాళ్లు, పద్ధతిగా దించారు."

మునేష్ కథ అక్కడితో ముగిసినట్టే.

శుక్రవారం మధ్యాహ్నం 1-50. అరెస్ట్ కాగితాలు తయారయ్యాయి. ప్రేమ స్టేట్‌మెంట్ మీద సంతకం ఒక్కటే మిగిలింది. అర్పిత తానే తీసుకొని ప్రేమ ఇంటికి వచ్చింది. హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది. ప్రేమ కాగితం చదువుకుంటోంది. ముసలాయన గోడవారగా కూర్చొని వాకిలి వైపు చూస్తున్నాడు.

రెండయింది. ఊరవతలి ఫ్యాక్టరీ సైరన్ మోగింది. గోడలు అదిరేంత మోత. నిమిషం పాటు మోగుతూనే ఉంది.

చిక్కవెంకటప్ప లేచాడు.

ముందు ఫ్యాన్ ఆపాడు. తర్వాత టీవీ స్విచ్. తర్వాత గోడకున్న సెల్‌ఫోన్ చార్జర్ పీకాడు. వైరు చేతిలోకి తీసుకొని మూడు చుట్లు చుట్టాడు. పైన ఒక ముడి వేశాడు. మేకుకు తగిలించాడు. గోడమీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో ఏదో రాసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

అర్పిత చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది.

"దినమూ ఇంతే మేడం," అంది ప్రేమ తల ఎత్తకుండా. "రెండు గంటల సైరన్ కూస్తే చాలు, ఇల్లంతా ఆపేస్తాడు. ఏమీ అనుకోవద్దండి."

అర్పిత వెళ్లి ముసలాయన పక్కన కూర్చుంది. చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"మైన్స్‌లో ఏం పని చేసినారప్పా?"

"వైండింగ్ ఇంజిన్ డ్రైవర్. ముప్పై ఒక్క ఏండ్లు. గనిలోకి కేజ్‌లో మనుషుల్ని దించేది, ఎక్కించేది నేనే."

"రెండింటికి షిఫ్ట్ అయిపోతుందా?"

"అయిపోతాది. అందరూ పైకొచ్చినాక కేజ్ దించల్ల. కేజ్ ఏలాడతా ఇడిసి ఇంటికి పోగూడదమ్మా. దించి, పవర్ ఆపి, బుక్కులో రాసి, అప్పుడు పోవల్ల."

"దించేది ఎట్లప్పా?"

రెండేళ్లుగా ఏ మాటా సరిగ్గా తేలని మనిషి. ఆ ప్రశ్నకు మాత్రం కళ్లు నిలిచాయి. గాలిలో చెయ్యి లేచింది. ఆ చెయ్యి వణకలేదు.

"రవంత పైకెత్తల్ల. కేజ్‌ను పట్టుకొనుండే ఇనుప పండ్లు ఉంటాయి, కెప్స్ అంటాము. వాటి మీద బరువు లేస్తుంది. కెప్స్ లాగల్ల. ఆమీట నిదానంగా..."

అర్పిత లేచి క్యాలెండర్ చూసింది. గడిచిన ప్రతి పనిదినం గడిలోనూ పెన్సిల్ రాత. '2-00. పవర్ ఆఫ్.' ఆదివారాల గడులు ఖాళీ. బుధవారం గడిలో మాత్రం ఒక మాట ఎక్కువ ఉంది.

'2-00. కేజ్ దించినాను. పవర్ ఆఫ్.'

కేసు చిక్కుముడి వీడితే ఏ పోలీసుకైనా ప్రాణం లేచొస్తుంది. అర్పిత మాత్రం ప్రేమ చేతిలోని స్టేట్‌మెంట్ వెనక్కి తీసుకొని నిలబడింది. చెప్పకపోతే మునేష్ జైలుకు పోతాడు. చెబితే, మొగుణ్ణి పోగొట్టుకొని మూడు రోజులు కాని ఈ మనిషి ఈ ముసలాయనతో ఒకే ఇంట్లో ఎట్లా బతకాలి?

నాగేశ్‌కు ఫోన్ చేసింది. "మునేష్‌ను ఇక్కడికి తీసుకురా."

2-40. షెడ్డులో నలుగురు. ప్రేమ, మునేష్, నాగేశ్, అర్పిత. మునేష్‌ను చూసి ప్రేమ మొహం తిప్పుకొంది.

"ప్రేమమ్మా, ఈ మనిషి మీ ఆయన్ని చంపలేదు," అంది అర్పిత.

"మరి ఎవరు?"

"నేను చెప్పేది చివరిదాకా వినండి. లిఫ్ట్ కొన్నాక కేశవ దాన్ని వాడిందంతా ఆదివారాల్లోనే. ఆదివారం ఊరవతలి ఫ్యాక్టరీకి సెలవు. సైరన్ ఉండదు. ఈ వారం ఆయనకు నైట్ షిఫ్ట్ పడింది. అందుకే బుధవారం పగలు పని పెట్టుకున్నాడు. పనిదినం రెండు గంటలప్పుడు లిఫ్ట్ పైన ఉండడం అదే మొదటిసారి."

ప్రేమ చేతులు చీర చెంగును పట్టుకున్నాయి.

"లాక్ విరగలేదు. ఎవరో తీసినారు. రవంత ఎత్తి, లాక్ వదిలించి, నిదానంగా దించినారు. ఈ పద్ధతి ఇద్దరికే తెలుసని మునేష్ చెప్పినాడు. మూడో మనిషి ఉన్నాడు. ముప్పై ఒక్క ఏండ్లు ఆయన చేసింది అదే పని. లిఫ్ట్ బిగించిన దినం వరండాలో కూర్చొని, రిమోట్ ఎట్లా నొక్కేదీ అంతా చూసినాడు. బుధవారం సైరన్ కూసింది. ఆయన లెక్కలో షిఫ్ట్ అయిపోయింది. కేజ్ దించినాడు. వైరు చుట్టినాడు. పవర్ ఆపినాడు. కింద మనిషి ఉన్న సంగతి ఆయనకు తెలీదు. కారు రవంత పైకి లేచినప్పుడు, మునేష్ వచ్చినాడేమోనని కేశవ అనుకొని ఉంటాడు. తర్వాత అరిచే ఉంటాడు. సైరన్ మోతలో ఎవరికీ వినపడలేదు."

ప్రేమ తల అడ్డంగా ఊపింది. "లేదు. మామకు నీళ్ల గ్లాసే పట్టేకి రాదు. చెయ్యి వణుకుతాది."

ఆమె మునేష్ వైపు తిరిగింది. బుధవారం నుంచి అతని మొహంలోకి ఆమె సూటిగా చూడడం అదే మొదలు.

"నువ్వు చూసినావా?"

మునేష్ తల ఊపాడు. "నేనొచ్చేసరికి పెద్దప్ప వైరు చుట్టుతా ఉన్న్యాడు. పనయిపోయింది, కేశవ దించమన్న్యాడేమో అనుకొన్న్యా. షెడ్డులోకి పోయినాక..."

"యాల చెప్పలేదు? పట్టుకపోతా ఉంటే నోరు మూసుకొని యాల పోయినావు?"

"మా నాయన మైన్‌లో పోయిన దినం శవాన్ని పైకి తెచ్చింది పెద్దప్ప చెయ్యే గదా ప్రేమమ్మా. బయట జనమంతా ఏడుస్తా ఉంటే, రవంత కూడా అదరకుండా తెచ్చినాడు. ఆ చేతిని పోలీసోళ్లకు ఎట్ల చూపించేది?"

నాగేశ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మతి లేని మనిషి మీద కేసు నిలవదు," అంది అర్పిత. "ప్రమాదం అని రాస్తాను. ఆయనకు ఈ సంగతి చెప్పనక్కర లేదు. చెప్పినా నిలవదు."

ప్రేమ షెడ్డు దాటి ఇంట్లోకి పోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. ముసలాయన భోజనం వేళ అది. షిఫ్ట్ దిగాకే తింటాడు. బుధవారం నుంచి సరిగ్గా తినడం లేదు. కొడుకు పైకి రావాలంటాడు.

ఆమె పళ్లెం తెచ్చింది. రాగి సంగటి, అనపగింజల పులుసు. గడప దాకా వచ్చి ఆగిపోయింది. లోపల చిక్కవెంకటప్ప చేతులు కడుక్కొని ఎదురుచూస్తున్నాడు. ప్రేమ చూపు ఆ చేతుల మీద పడింది. ఒక్క అడుగు వేయబోయింది. కాలు రాలేదు.

వెనక్కి తిరిగి పళ్లెం మునేష్ చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టన్నా. నాకు చెయ్యి రాలేదు."

మునేష్ లోపలికి వెళ్లి ముసలాయన ముందు గొంతుక్కూర్చున్నాడు. సంగటి తుంచి పులుసులో అద్దాడు. చిక్కవెంకటప్ప నోరు తెరవలేదు.

"కేశవ పైకొచ్చినాడా?"

మునేష్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "వచ్చినాడు పెద్దప్పా. అందరూ వచ్చినారు. నువ్వు తిను."

ముసలాయన ముద్ద తీసుకున్నాడు. బయట వరండాలో ప్రేమ ఒక్కసారిగా కుప్పకూలి, గొంతు పగిలేలా ఏడవసాగింది. అర్పిత వెళ్లి ఆమెను పట్టుకుంది. ఆ ఏడుపేదీ చిక్కవెంకటప్ప చెవికి ఎక్కలేదు. పులుసు బాగుందన్నట్టు తల ఆడించి, ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.