అప్పలసూరి మీసం, ఉప్పుకొట్టు దెయ్యం

నౌపడ ఉప్పుమడుల దారిలో పాడుబడ్డ ఉప్పుకొట్టు ఒకటుండేది. పొద్దుగూకితే అటు కుక్క కూడా పోయేది కాదు.

అరవై ఏడో, ఎనిమిదో సంవత్సరం. ఆ కొట్టు అరుగు మీద రెండు పెద్ద కుండలు. చుట్టుపక్కలంతా ఉప్పునీరే. అయినా తెల్లారేసరికి ఆ కుండల నిండా తియ్యటి మంచినీళ్లు! చుట్టూ ఇసుకలో ఒక్క అడుగుజాడ ఉండేది కాదు. మడుల్లో దాహంతో చచ్చిపోయిన ఆడకూలీ దెయ్యమై పోస్తోందన్నారు. కూలీలు దణ్ణం పెట్టుకుని, కళ్లు మూసుకుని తాగేసేవారు. దాహం వేస్తే దెయ్యమైతేనేం, దేవుడైతేనేం!

ఈ మాట వింటే మా బావ అప్పలసూరికి ఒళ్లు మండేది. ఆయనకి మీసమంటే ప్రాణం. పెళ్లిపీటల మీద మా అక్క మొహం కన్నా తన మీసాన్నే ఎక్కువసార్లు చూసుకున్నాడని మా అమ్మ అంటుండేది. అంత మీసాన్నీ టీకొట్టు కూర్మయ్యతో పందెం కాశాడు. రాత్రికి వెళ్లి చూసొస్తాడు. దెయ్యముంటే తన మీసం, లేకపోతే కూర్మయ్యకి గుండు. ఆ రాత్రి సంగతి చాలా ఏళ్లకి గానీ నాకు చెప్పలేదు.

వెన్నెల పిండారబోసినట్టుంది. కొట్టు గోడ చాటున నక్కాడు.

బుడబుడా... నీళ్ల చప్పుడు. ఆగింది.

తొంగి చూశాడు. అరుగు దిగిన తెల్లటి ఆకారం ఒకటి దారి వైపు పోతోంది... సర్... సర్... దూరమైపోతూనే ఉంది — కాలివేళ్లు మాత్రం మా బావ వైపే ఉన్నాయి!

వెనక్కి తిరిగిన పాదాలు!

ఎటు పరిగెత్తాడో ఆయనకే తెలీదు. మడిలో మోకాలిలోతు బురదలో దబ్బున పడ్డాడు. వెనకనుంచి చల్లటి చెయ్యొకటి భుజం మీద పడింది...

"లెగు నాయనా," అని గుసగుసగా ఒక గొంతు.

బజార్లో బట్టలకొట్టు మొహిద్దీన్ సాయిబు గారు! పరమ పిసినారని మా బావే ఆయన్ని ఎన్నిసార్లు వెక్కిరించాడో. ఆయన చేతిలో చీపురు. ఊరిబావి నుంచి కావిడితో నీళ్లు తెచ్చి పోసి, తన అడుగులు తానే ఊడ్చుకుంటూ వెనక్కి నడిచి వెళ్తున్నారు.

మా బావకి నవ్వాగలేదు. మీసం దక్కింది! కూర్మయ్య గుండు కళ్లముందు తళతళలాడింది. తెల్లారగానే అందరికీ చెప్తానన్నాడు. పిసినారన్న మాట కూడా పోతుందన్నాడు.

సాయిబు గారు ఆయన చేతులు రెండూ పట్టుకున్నారు.

"వద్దు నాయనా. కుడిసెయ్యి ఇచ్చింది ఎడంసేతికి తెలీకూడదని మా పెద్దలు సెప్పినారు. ఊరికి తెలిస్తే ఇంక నానిచ్చిందేటి ఉన్నాది? అల్లాకి తెలుసు, సాలు."

మర్నాడు టీకొట్టు కిటకిటలాడిపోయింది. కూర్మయ్య జుట్టు తడుముకుంటూ బిక్కుబిక్కుమంటున్నాడు.

"ఏటి సూసినావు సూరీ?"

మా బావ చివరిసారిగా మీసం దువ్వుకున్నాడు.

"కాళ్లు ఎనక్కే ఉన్నాయిరా. ఈ కళ్లతో సూసినాను," అని మంగలికి కబురంపాడు.

ఊరంతా విరగబడి నవ్వింది. మా అక్కయితే ఎవరో పరాయి మొగాడు ఇంట్లో దూరాడనుకుని చెంబెత్తిందట. బట్టలకొట్టు మెట్ల మీద సాయిబు గారొక్కరే నవ్వలేదు. మా బావ బోడిమూతి చూసి సలాం చెయ్యడానికి చెయ్యెత్తబోయి... నలుగురూ చూస్తున్నారని, అదే చేత్తో గడ్డం గోక్కున్నారు.