పావునే ఐదు

ఆటో వెనక సీట్లో బ్యాగు ఉంది. బ్యాగు తాలూకు మనిషి లేదు.

సాయంత్రం 6:10. నాందేడ్‌లో గోదావరి ఒడ్డున ఉన్న పాత బురుజు. దాని గేటు ముందు ముప్పై మంది మూగి ఉన్నారు. వాళ్ల మధ్య ఆటో డ్రైవర్ మారయ్య నేల మీద చతికిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎడమ చెంప కందిపోయింది.

జీపు దిగిన సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రణాలి ముందు ఆ చెంపనే చూసింది.

"ఎవరు కొట్టారు?" అని మరాఠీలో అడిగింది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేడుక చూడ్డానికి ముప్పై మంది వస్తారు, సాక్ష్యానికి ఒక్కడూ దొరకడు. చివరికి కానిస్టేబుల్ విలాస్ గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ ఆంధ్రా అబ్బాయి, మేడం."

అబ్బాయి పేరు ఆనందం. రాజమండ్రి. పక్కన ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిన అమ్మాయి సోనాలి. వీళ్లిద్దరూ, కనిపించకుండా పోయిన శ్రద్ధా డిగ్రీ నుంచి స్నేహితులు. పొద్దున రైలు దిగి, ఒక్కరోజులో ఊరంతా చూసేసి, రాత్రి రైలు ఎక్కేద్దామనుకున్నారు. ముగ్గురిలో ఒక్కరికీ మరాఠీ ముక్క రాదు.

"ఎప్పటిసంది కనిపిస్తలేదు?" ప్రణాలి తెలుగులో అడిగింది.

సోనాలికి ప్రాణం లేచొచ్చింది. "మీరు తెలుగువాళ్లా మేడం?"

"మాది ఈ పక్కనే, భోకర్. ఇంట్ల తెలుగే. అడిగిందానికి జవాబు చెప్పు."

"ఐదుంపావుకి గేటు దగ్గర ఉంటానంది. అప్పటిదాకా మేం బజారులో తిరిగాం. సరిగ్గా టైముకే వచ్చాం. అది లేదు. ఫోన్ కలవలేదు. ఐదు నలభైకి ఈయన ఒక్కడే ఆటో వేసుకొచ్చాడు. వెనక సీట్లో దాని బ్యాగు!"

ప్రణాలి బ్యాగు తెరిచింది. ఇన్సులిన్ పెన్. షుగర్ చూసుకునే మెషిన్. గ్లూకోజ్ బిస్కెట్లు. పిడికెడు చాక్లెట్లు.

ఆమె గొంతు మారింది. "షుగరున్నదా?"

"చిన్నప్పటి నుంచీ."

"ఇయ్యాల ఇంజెక్షన్ ఎప్పుడు ఏసుకున్నది?"

"మూడున్నరకి. భోజనానికి కూర్చున్నప్పుడు."

"కడుపు నిండ తిన్నదా?"

సోనాలి ఆనందం వైపు చూసింది. ఆనందం గోదావరి వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్న. తిన్నదా?"

"లేదు మేడం," అన్నాడు ఆనందం. "ఇంజెక్షన్ వేసుకుంది. ప్లేటు వచ్చేలోపు మాటా మాటా పెరిగింది. నీతో ఊరు తిరగడం అంటే ఆసుపత్రిని వెంటేసుకుని తిరగడమే అన్నాను. ముద్ద ముట్టుకోకుండా లేచిపోయింది. ఒక్కతే ఈ ఆటో ఎక్కేసింది."

ఇదీ ఇతగాడు ఇంతసేపూ దాచిన సంగతి. తన మీద ఉన్న కోపం అంతా తీసుకెళ్లి ముసలాయన చెంప మీద దించాడు.

ప్రణాలి వాచీ చూసుకుంది. 6:16. మందు పడింది, తిండి పడలేదు. షుగర్ పడిపోతుంది. చెమటలు పడతాయి, తల తిరుగుతుంది, తర్వాత స్పృహ పోతుంది. అప్పటికీ ఎవరూ చూడకపోతే ప్రాణమే పోవచ్చు. తినాల్సినవన్నీ ఈ బ్యాగులో ఉన్నాయి.

ఆమె మారయ్య ముందు గొంతు కూర్చుంది.

"కాకా, మీదే ఊరు?"

"భోకర్ దిక్కే, బిడ్డా. నేనేం జెయ్యలె."

"ఎన్నింటికి పోయినవ్ ఈడికెంచి?"

"ఐదు దాటినంక. తాళమేసిండ్రు. పావుగంట జూసిన, పిల్ల రాలె. దోస్తుల తోని ఏరే ఆటోల పోయిందనుకున్న. టేషన్ కాడ సవారీని దించినంక ఎన్కకు జూస్తే బ్యాగున్నది. పాపం దేవులాడుకుంటదని మర్ల అచ్చిన. అచ్చినందుకు గిట్ల జేసిండ్రు."

"అబద్ధం!" ఆనందం అరిచాడు. "ఐదుంపావు అని చెప్పినవాడు ఐదుకే ఎందుకు వెళ్లిపోయాడు?"

"నేనెప్పుడన్న గట్ల?" మారయ్య లేచి నిలబడ్డాడు. "దేవుని తోడు, అనలె."

విలాస్ నోట్‌బుక్ తెరిచాడు. "మేడం, ఎదురుగా చాయ్ హోటల్ కెమెరా ఉంది. ఐదు నుంచి ఐదున్నర వరకు చూశాను. ఆటో 5:02కి వెళ్లింది. వెనక పరదా దించి ఉంది, లోపల ఎవరున్నారో తెలియదు. అమ్మాయి మాత్రం గేటు దగ్గర ఎక్కడా లేదు."

"ఫోన్?"

"4:36 నుంచి కవరేజ్‌లో లేదు."

"లోపల చూశారా?"

విలాస్ వాచ్‌మన్ మాణిక్‌ని ముందుకు తోశాడు.

"మేడం, పావణే పాచ్‌లా కులూప్ లావలం!" అన్నాడు. నాలుగు నలభై ఐదుకే తాళం వేశానని. తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు కేకేశాడట. ఎవరూ పలకలేదట.

"నిజమే అయి ఉంటుంది మేడం," అన్నాడు విలాస్. "ఐదుంపావు దాకా చూస్తానన్న అమ్మాయి, అంతకుముందే మూసేసే చోట ఎందుకుంటుంది? ఘాట్ వైపు వెళ్లి ఉంటుంది. ఇద్దరిని పంపాను."

మాట సబబుగానే ఉంది. అందుకే అందరూ అరగంట నుంచి ఘాట్ మెట్లే వెతుకుతున్నారు.

"ఐదుంపావు, ఐదుంపావు!" ప్రణాలికి విసుగొచ్చింది. "పిల్ల నోటితోని అన్నదా?"

"మెసేజ్ పెట్టింది మేడం," సోనాలి ఫోన్ అందించింది. "నేనే ఇంగ్లిష్‌లో ఈ కానిస్టేబుల్ సార్‌కి చెప్పాను, ఫైవ్ ఫిఫ్టీన్ అని."

మెసేజ్ తెలుగు అక్షరాల్లో ఉంది. 4:29కి వచ్చింది.

'డ్రైవర్ గారు పావునే ఐదు దాకా అన్నారు. బోలెడు టైముంది. మెల్లగా చూసి బురుజు గేటు దగ్గరికి వస్తా.'

ప్రణాలి ఒకసారి చదివింది. రెండోసారి పైకి చదివింది. వెంటనే గేటు వైపు పరుగు తీసింది.

"మాణిక్! కులూప్ ఉఘడ్! విలాస్, 108కి ఫోన్ చెయ్!"

మాణిక్ చేతుల్లో తాళంచెవి రెండుసార్లు జారింది. మూడోసారి ప్రణాలే లాక్కుని తీసింది.

బురుజు లోపల చీకటి. నేలలోంచి నది మట్టం దాకా రాతి మెట్లు దిగుతున్నాయి. మూడు మలుపులు. మొదటి మలుపులోనే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. రెండో మలుపులో టార్చ్ వెలుగుకి చెప్పు ఒకటి కనబడింది.

మూడో మలుపులో శ్రద్ధ ఉంది.

గోడకి చేరగిలబడి ఉంది. బట్టలు చెమటతో తడిసిపోయాయి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పిలిస్తే పలకలేదు.

ఆనందం, సోనాలి బ్యాగు పట్టుకుని వెనకే దిగారు. సోనాలి బిస్కెట్ విరిచి నోటి దగ్గర పెట్టబోయింది. ప్రణాలి చెయ్యి పట్టి ఆపింది.

"వద్దు. సోయి లేదు. గొంతుకు అడ్డం పడ్తది."

బ్యాగులోని మెషిన్‌తో శ్రద్ధ షుగర్ చూసింది. 34. కనీసం డెబ్బై ఉండాలి.

అంబులెన్స్ 6:33కి వచ్చింది. డాక్టర్ మెట్ల మీదే మోకాళ్లూని సూది గుచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఏ మార్పూ లేదు. ఆనందం గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. సోనాలి మొక్కని దేవుడు లేడు.

నాలుగో నిమిషంలో శ్రద్ధ కనురెప్పలు కొట్టుకున్నాయి. పెదవులు కదిలాయి.

"ఐదుంపావు అయిందా?" అని అడిగింది.

సోనాలి ఏడుస్తూనే నవ్వేసింది.

స్ట్రెచర్ గేటు దాటాక, ప్రణాలి అందరినీ ఆటో దగ్గర నిలబెట్టింది. జనం కూడా కదల్లేదు.

"ఆటో ఎక్కిన పిల్లకు మారయ్య కాకా ఏం చెప్పిండు? కాకా, మల్ల చెప్పు."

"పావునే ఐదుకు తాళమేస్తరు బిడ్డా, నేను గేటు కాడ ఉంట అన్న."

"విన్నవా?" ప్రణాలి ఆనందం వైపు తిరిగింది. "మా దిక్కు మరాఠీ మాట తెలుగుల కలిసిపోయింది. పావునే ఐదంటే ఐదుకు పావు తక్కువ. నాలుగు నలభై ఐదు. కాకా ఇట్ల అంటడు, మాణిక్ పావణే పాచ్ అంటడు. ఇద్దరిదీ ఒకటే మాట."

"పావు అంటే పదిహేను నిమిషాలే కదా..." ఆనందం గొణిగాడు.

"గదే. పావు మీకు తెలుసు. 'నే' తెల్వదు. మీరు ఐదుకు కలిపిండ్రు, వీళ్లు ఐదులకెంచి తీసేసిండ్రు. అరగంట తేడా. ఇంక అరగంట ఉన్నదని పిల్ల కిందికి దిగింది. ఆడ కళ్లు తిరిగి కూలబడ్డది. మాణిక్ తలుపు కాడికెంచి కేకేసిండు. మూడు మలుపుల కిందికి దిగి చూడలే."

మాణిక్ తల దించుకున్నాడు. అతని సంగతి పొద్దున చూస్తానని ఆమె చూపులోనే తెలిసింది.

విలాస్ అప్పటికే చాయ్ హోటల్లో కెమెరా వెనక్కి తిప్పి చూసి పరుగున వచ్చాడు. "4:24కి లోపలికి వెళ్లింది మేడం. బయటికి రానేలేదు. ఐదు తర్వాతే చూడటం నా పొరపాటు."

పొరపాటు అని పైకి ఒప్పుకునే పోలీసు అరుదు.

ఆనందం మారయ్య ముందు నిలబడి చేతులు జోడించాడు. "క్షమించండి బాబాయ్. తప్పు నాదే."

మారయ్య అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"నువ్వు నా కొడుకు ఈడున్నవ్. గింత మంది ముంగట కొట్టినవ్. నేను రోజూ ఈ అడ్డ మీదనే ఆటో నడపాలె. నువ్వు తెలుగుల చెప్తే వీళ్లకేం ఎరుక? వీళ్లకు సమజయ్యేటట్టు చెప్పు."

ఆనందం ప్రణాలి వైపు చూశాడు.

"మాఝం చుకలం," అంది ప్రణాలి. తప్పు నాదే అని.

"మా... మాఝ..."

"మాఝం. చుకలం."

అతను జనం వైపు తిరిగాడు. "మాఝం చుకలం," అన్నాడు మెల్లగా. వెనక వరసలో ఎవరో ఏమన్నాడని అడిగారు.

ఆనందం ఈసారి చేతులు తలపైకెత్తి జోడించి అరిచాడు. "మాఝం చుకలం!"

మారయ్య భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత సీట్లో కూర్చుని ఆటో స్టార్ట్ చేశాడు.

"ఎక్కుండ్రి ఇద్దరు," అన్నాడు. "పిల్ల దవాఖానల ఒక్కతే ఉన్నది."