చామనఛాయ అని రాసినందుకు

"మోజెస్, ఈ మాటకి అర్థం ఏంటి?"

జోసఫిన్ వేలు మోజెస్ రాసిచ్చిన తెలుగు కాగితం మీద మొదటి లైన్ దగ్గర ఆగింది. అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊరి లైబ్రరీలో పిల్లల గది అది. కుర్చీలన్నీ చిన్నపిల్లల కోసం చేసినవే కాబట్టి ఆరడుగుల మోజెస్ మోకాళ్లు గడ్డానికి ఆనుతున్నాయి. ఆ భంగిమలో మనిషికి ధైర్యం రావడం కష్టం.

"చామనఛాయ," అన్నాడు. "అంటే కలర్. ఆ పిల్ల రంగు."

"ఏ రంగు?"

"నైస్ కలర్."

"రేణు వేరేగా చెప్పింది."

రేణు ఆంటీ వారానికోసారి ఇక్కడికి వచ్చి పుస్తకాలు సర్ది వెళ్తుంది. తెలుగు చదవడం వచ్చిన మనిషి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అర్థం చెప్పే మనిషి.

"ఏం చెప్పింది?"

"చాలా సంతోషంగా చెప్పింది. మీ పెళ్లి ప్రొఫైల్స్‌లో అమ్మాయి డార్క్ అని రాయడం ఇష్టం లేకపోతే ఈ మాట రాస్తారట. వీటిష్, గోధుమ రంగు అట. వెరీ డీసెంట్ వర్డ్ అంది." జోసఫిన్ కాగితం కింద పెట్టింది. "నా పోయెమ్ మొదటి లైన్‌లో నేను బ్లాక్ అని రాశాను. నీ తెలుగులోకి వెళ్లేసరికి ఆ పిల్ల గోధుమపిండి ఎలా అయింది?"

"అది పొలైట్‌గా ఉంటుందని..."

"ఎవరికి?"

ఆమె గొంతు పెంచలేదు. పక్క టేబుల్ దగ్గర ఎవరో పాప రంగులు వేసుకుంటోంది. జోసఫిన్ అడిగిన తీరు కూడా పాపలని అడిగినట్టే ఉంది, జవాబు కోసం ఎంతసేపైనా ఆగుతానన్నట్టు.

వాళ్లిద్దరి పరిచయం ఒక వానవల్ల అయింది. మోజెస్ ఆ ఊరి పెద్ద రిటైల్ కంపెనీ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగి. వేసవి మొదట్లో లంచ్‌కని బయటకొచ్చి, వానకి తడిసి, కనిపించిన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. లోపల, పిల్లల గది చూసుకునే జోసఫిన్ పిల్లలకి పాట పాడుతోంది. ఇతనివైపు చూడకుండానే, "వెనక నిలబడ్డ పెద్ద పిల్లలు కూడా చప్పట్లు కొట్టాలి," అంది. మోజెస్ కొట్టాడు. ఆ మర్నాడు వాన లేదు. అయినా వచ్చాడు. తర్వాత రాని రోజు ఏదైనా ఉంటే, ఆ రోజు లైబ్రరీకి సెలవని అనుకోవచ్చు.

ఆమె అదే రాష్ట్రంలో పైన్‌బ్లఫ్ అనే ఊళ్లో పుట్టి పెరిగింది. నల్లజాతి ఆడపిల్లల కోసం ఒక చిన్న పద్యాల పుస్తకం రాసింది. అందులో ఆడపిల్లలు తాడాట ఆడతారు, చర్చికి టోపీలు పెట్టుకుని వెళ్తారు, అమ్మ మోకాళ్ల మధ్య కూర్చుని జడలు వేయించుకుంటారు, పెద్దగా నవ్వుతారు. శనివారం లైబ్రరీలో ఆ పద్యాలని ఊళ్లోవాళ్ల భాషలన్నింటిలో చదవాలని ఏర్పాటు. స్పానిష్ ఉంది, మార్షల్ దీవుల నుంచి వచ్చినవాళ్ల మార్షలీస్ ఉంది. తెలుగు నేను చేస్తానన్నాడు మోజెస్. తెలుగు చదవడం, రాయడం వాళ్లమ్మ జ్ఞానమ్మ నేర్పింది. అతను పన్నెండేళ్లకే అమెరికా వచ్చేసినా, దేవుని వాక్యం సొంత భాషలో చదవలేని పిల్లాడు ఇంట్లో ఉండటం ఆవిడకి ఇష్టం లేదు.

"నేను ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు ఎవరి బొమ్మ వాళ్లని గీసుకోమన్నారు," అంది జోసఫిన్. "నేను ముదురు రంగు క్రేయాన్ తీసుకున్నాను. టీచర్ వచ్చి, నవ్వుతూ అది తీసుకుని లేతది చేతిలో పెట్టింది. ఇది వేస్తే నువ్వు బాగుంటావు అంది. మంచి మనిషే. నన్నెప్పుడూ తిట్టలేదు. ఈ పుస్తకం ఎందుకు రాశానని అడుగుతుంటావుగా, అందుకు."

మోజెస్ తల దించుకున్నాడు. ఆ టీచరు పక్కన తన కుర్చీ కూడా వేసి ఉన్నట్టు అనిపించింది.

"మార్చేస్తాను."

"మాట మారుస్తావు. అది ఈజీ. నేనడిగేది వేరే." జోసఫిన్ అతని కళ్లలోకి చూసింది. "ఇన్ని నెలలైంది. మీ ఇంట్లో నా గురించి ఏం చెప్పావు?"

"లైబ్రరీలో ఫ్రెండ్ అని."

"నేనెలా ఉంటానని?"

మోజెస్ పక్క టేబుల్ దగ్గర పాప వేస్తున్న రంగుల వైపు చూశాడు.

"నీవాళ్లకి చూపించాలంటే నన్ను కాస్త తెలుపు చేయాల్సి వస్తుందా, మోజెస్? అలా అయితే ఇప్పుడే చెప్పు. శనివారం దాకా ఆగక్కర్లేదు. దేనికీ ఆగక్కర్లేదు." కాగితం మడిచి అతని చేతికిచ్చింది. "తెలుగు లేకుండా ప్రోగ్రామ్ నడిపిస్తాను."

ఆ సాయంత్రం మోజెస్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. నల్లజాతి అంటే వార్తల్లో మాటలా ఉంది, పాప పద్యంలో ఇమడదు. నల్లపిల్ల అంటే ఎవరో ఆ పాపని తిడుతున్నట్టుంది. తను చిన్నప్పటి నుంచి విన్నది అలాగే మరి.

జ్ఞానమ్మ స్టవ్ దగ్గర చేపల పులుసు కలుపుతోంది. "ఏంట్రా, ఆఫీసు పనా?"

"కాదమ్మా. ఒక పోయెమ్."

"చదువు, వింటాను."

చదివాడు. మొదటి లైన్ దగ్గర ఆగాడు. "ఇక్కడొక మాట కుదరట్లేదు. ఆ పిల్ల నేను బ్లాక్ అంటుంది. దానికి ఏం రాయను?"

"నల్ల అని రాయి. ఇందులో కుదరకపోవడానికేముంది?"

"బాగోదేమోనని."

"ఎవరికి బాగోదు?"

ఒకే రోజు ఇద్దరు ఆడవాళ్లు ఒకే ప్రశ్న వేశారు. మోజెస్ పెన్ను కింద పెట్టాడు.

జ్ఞానమ్మ మంట తగ్గించి, చెయ్యి తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది. "నా రంగేంట్రా?"

"అమ్మా, అదెందుకిప్పుడు."

"చెప్పు."

"నువ్వు... చామనఛాయ."

జ్ఞానమ్మ నవ్వాపుకోలేకపోయింది. "కళ్లజోడు పెట్టుకుని చూడు. మా పాలకొల్లులో కరెంటు పోతే నేను నవ్వితే గానీ కనిపించననేవారు. పెళ్లిచూపుల ఫొటోకి స్టూడియోవాడు నా మొహం మీద లైట్లన్నీ గుమ్మరించాడు. మీ నాన్న ఆ ఫొటో పట్టుకుని వచ్చి, నన్ను చూసి, ఫొటోని చూసి, ఫొటో జేబులో పెట్టేసుకున్నారు. ఏమీ అడగలేదు. దానికే ఆయనకి ఇన్నాళ్లూ వండి పెడుతున్నాను."

మోజెస్ కూడా నవ్వాడు. జ్ఞానమ్మ మాత్రం ఆగింది.

"మా అమ్మ ప్రతి ఆదివారం గుడికి వెళ్లేముందు నాకు పౌడరు దట్టించేది. పాపం, ప్రేమకే. దేవుడి ఎదుటికి వెళ్లేటప్పుడు కూడా ఎందుకమ్మా అని అడిగాను ఒకసారి. కసిరింది. ఇప్పటికీ అనుకుంటాను, దేవుడు నన్ను చేసేటప్పుడు పరధ్యానంగా ఉన్నాడని వీళ్లందరూ అనుకున్నారా? ఏమో, పెద్దవాళ్లని అనకూడదు. కానీ అనుకుంటాను." కాగితం తన వైపు తిప్పుకుంది. "ఇది రాసిన పిల్ల ఎవరు?"

"లైబ్రరీలో ఫ్రెండని చెప్పానుగా. జోసఫిన్."

"పేరు మనదే. మా వీధిలోనే ముగ్గురుండేవారు. మరి ఫ్రెండ్ కోసం అన్నం మానేసి కూర్చున్నావా?"

"మానేయలేదు."

"మధ్యాహ్నం డబ్బా తెరవకుండా తెచ్చావు. ఈ ఫ్రెండ్ అనే మాట కూడా చామనఛాయ లాంటిదేనా?"

మోజెస్ పులుసు గిన్నె వైపు చూశాడు. అటునుంచి సాయం రాలేదు.

"అవునమ్మా," అన్నాడు. "ఆ అమ్మాయి అంటే నాకిష్టం. నల్లజాతి అమ్మాయి. ముందే చెప్పాల్సింది. ఏమంటావోనని చెప్పలేదు."

జ్ఞానమ్మ కాగితం చివరిదాకా తనే చదువుకుంది.

"నేనేమంటానో నాకే తెలీదురా," అంది. "ఊళ్లో ఏమంటారోనని భయమైతే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. కానీ జడకోసం మా అమ్మ మోకాళ్ల మధ్య నేను కూర్చున్న సంగతి ఈ పిల్లకి ఎలా తెలిసింది? అదే నన్ను పట్టుకుంది. శనివారం నేను చదువుతాను. మొదటి మాట నువ్వు సరిగ్గా రాయి."

శనివారం పొద్దున్నుంచీ వాన. లైబ్రరీ గుమ్మంలో గొడుగులు నీళ్లు కారుస్తున్నాయి. జ్ఞానమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. మొహానికి పౌడరు లేదు. గది నిండా పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. రేణు ఆంటీ కూడా కూతురు సాన్విని తీసుకుని వచ్చింది.

జోసఫిన్ మైక్ సర్దుతోంది. సన్నటి జడలు భుజాల మీద పడుతున్నాయి. మోజెస్‌ని చూసి చేతిలో పని ఆపింది గానీ నవ్వలేదు.

"మార్చాను," అన్నాడు మోజెస్.

"ఏమని?"

"నల్ల."

"ఆ మాట మీవాళ్లు ఎప్పుడు వాడతారు?"

"వాన మబ్బుకి. పత్తి పండే నేలకి. ఆడపిల్లని చిన్నబుచ్చాలన్నా అదే." దాచకుండా చెప్పాడు. "ఆ మాట పలకడానికి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు నీ వల్ల కాదు, నేను పెరిగిన ఇళ్ల వల్ల వచ్చింది. మా ఇంట్లో నీ గురించి చెప్పాను. నువ్వెలా ఉంటావో కూడా చెప్పాను."

"ఎలా ఉంటానని చెప్పావు?"

"నల్లగా ఉంటావని. నువ్వు నవ్వితే నాకు ఆఫీసు గుర్తుండదని."

జోసఫిన్ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికే అని మోజెస్ ఆశపడ్డాడు. "చదివేది నువ్వేనా?"

"మా అమ్మ."

ఆమె తల తిప్పి చూసింది. జ్ఞానమ్మ అప్పటికే మైక్ దగ్గర నిలబడి, ప్రార్థనలో వాక్యం చదివే ముందు సర్దుకున్నట్టు కొంగు సర్దుకుంటోంది. ఎవరూ పిలవలేదు. ఆవిడకి పిలుపు అక్కర్లేదు.

"నేను నల్లపిల్లని," అని చదివింది.

వెనక కూర్చున్న తెలుగువాళ్లలో ఒకరిద్దరు కదిలారు. జ్ఞానమ్మ తల ఎత్తి వాళ్లని చూసి, మళ్లీ అదే లైన్ ఇంకాస్త నెమ్మదిగా చదివింది.

"నేను నల్లపిల్లని.
కురవబోయే మబ్బు ఎంత నలుపో అంత.
అమ్మ మోకాళ్ల మధ్య కూర్చుంటే
నా తల మీద పాపిళ్లు దారులవుతాయి,
ఒక్కో దారిలో ఒక్కో పాట నడిచి వస్తుంది.
అద్దమా, ఇంకాస్త వెడల్పవు,
నేను నవ్వబోతున్నాను."

సాన్వి తల్లి ఒళ్లోంచి లేచింది. అమెరికా యాసలో, గది అంతా వినబడేలా, "మమ్మీ, నాకు కూడా ఆ కలర్ ఉంది," అంది.

రేణు ఆంటీ నోరు తెరిచింది. అలవాటైన మాట ఏదో నాలుక దాకా వచ్చినట్టుంది. దాన్ని మింగేసి, కూతురి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. "అవును నాన్నా. ఉంది," అంది.

జోసఫిన్‌కి తెలుగు రాదు. కానీ సాన్వి ఎందుకు లేచి నిలబడిందో ఆమెకి తెలుసు. కళ్లు తుడుచుకుని చప్పట్లు మొదలుపెట్టింది. మోజెస్ కూడా కొట్టాడు.

అందరూ వెళ్లాక జోసఫిన్ జ్ఞానమ్మ దగ్గరికి వచ్చింది. "థాంక్యూ, మిస్ జ్ఞానమ్మా."

"ఈ వయసులో నన్ను మిస్ అంటుందేంట్రా?"

"ఇక్కడ పెద్దవాళ్లని గౌరవంగా అలాగే పిలుస్తారమ్మా."

"బాగుంది. నువ్వు కూడా అలాగే పిలువు." జ్ఞానమ్మ జోసఫిన్ జడల్ని చూసింది గానీ ముట్టుకోలేదు. "ఇవి ఎవరు వేశారో అడుగు."

"మా అమ్మ," అంది జోసఫిన్, మోజెస్ అడిగాక. "నిన్న సాయంత్రమంతా. మధ్యలో కదిలానని దువ్వెనతో ఒకటి తగిలించింది కూడా."

జ్ఞానమ్మ ఆ దువ్వెన దెబ్బకి తృప్తిగా తలూపింది. "వాళ్లమ్మని ఎప్పుడు కలవమంటుందో అడుగు."

మోజెస్ గతుక్కుమన్నాడు. "అమ్మా, ఇప్పుడేనా?"

"ఏమంటున్నారు?" అంది జోసఫిన్.

"మీ అమ్మని కలుస్తానంటోంది. మాలో అబ్బాయి తల్లి అమ్మాయి తల్లిని కలుస్తానంటే అది ఊరికే టీ తాగడానికి కాదు. పెళ్లి మాట." చెవులు వేడెక్కుతున్నా మాట ఆపలేదు. "నేను ఐ లవ్ యూ అని ఇంకా చెప్పకుండానే మా అమ్మ అక్కడిదాకా వెళ్లిపోయింది. కాబట్టి ముందు అది చెప్తున్నాను. ఐ లవ్ యూ, జోసఫిన్."

జోసఫిన్ అతన్ని తేరిపార చూసింది. "పెళ్లి సంగతి నేను ఆలోచించాలి. టైమ్ పడుతుంది." అని, "మిగతాదానికి ఆలోచించక్కర్లేదు. నేను కూడా," అంది. "ఇక మా అమ్మ విషయం. ఆవిడ అడిగే ప్రశ్నలకి నువ్వు ప్రిపేర్ అయి రావాలి."

"ఏమంటుంది?" అంది జ్ఞానమ్మ.

"ఆలోచిస్తానంటోందమ్మా."

"ఆలోచించాలి మరి. తొందరపడే పిల్ల అయితే నాకే అనుమానం వచ్చేది. మీ నాన్న సంగతి నాకొదిలెయ్. ఇవాళ భోజనానికి మనింటికి రమ్మను."

పొద్దున అక్క దింపి వెళ్లడంతో జోసఫిన్ కారు తెచ్చుకోలేదు. ముగ్గురూ వానలో పార్కింగ్ లాట్‌లోకి నడిచారు. మోజెస్ డ్రైవింగ్ నేర్చుకున్న నాటి నుంచీ అతని పక్క సీటు జ్ఞానమ్మదే. దారి చెప్పడం, స్పీడు చూడటం, సిగ్నల్ దగ్గర ప్రార్థించడం అన్నీ అక్కడ కూర్చునే.

ఆవిడ వెనక తలుపు తీసుకుని, చీర కుచ్చెళ్లు లోపలికి లాక్కుని కూర్చుంది.

"యూ సిట్ ఫ్రంట్," అంది జోసఫిన్‌తో.