ఊరందరి సెలవు

"ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని శోభారాణి అడిగింది.

"మా ఊర్లనే మేడం," అన్నాడు వెనక బెంచీ మీద కూర్చున్న మనిషి. "ఇప్పుడు గూడ ఆడ్నించే వచ్చిన."

రేకుల షెడ్డులో కూర్చున్న డంపర్ డ్రైవర్లంతా ఒక్కసారిగా నవ్వారు. బయట ఆగస్టు వాన. ఆ వాన చప్పుడులో కూడా నవ్వులు బాగానే వినబడ్డాయి.

శోభారాణికి ఒళ్లు మండింది. హైదరాబాదులో ఎనిమిదేళ్లు హెచ్.ఆర్.లో పనిచేసి, పెద్ద పెద్ద మేనేజర్లకు కోచింగ్ ఇచ్చి, మణుగూరు అవతల బొగ్గు గని మీద మట్టి తవ్వే ఈ ప్రైవేటు కంపెనీకి కోరి వచ్చింది. మొదటి క్లాసు, మొదటి ప్రశ్నకే ఇదీ వరస.

"మీ పేరు?"

"జంపయ్య. మా తాత పేరు."

"నేనడిగింది ఊరి సంగతి కాదు జంపయ్య గారూ. కెరీర్ సంగతి."

"కెరీర్ గూడ సాయంత్రం నాతోనే ఇంటికొస్తది గద మేడం. దాన్ని ఒక్కదాన్ని ఆఫీసుల ఎట్ల ఇడ్సిపెడ్త?"

మళ్లీ నవ్వులు. ఈసారి ఆమెకూ నవ్వొచ్చింది. కనబడకుండా ఉండాలని, కింద పడని మార్కర్ మూత కోసం వంగింది. అది జంపయ్య చూశాడు. చూశాడని ఆమెకూ తెలిసిపోయింది. ఆ తర్వాత ఆ క్లాసులో ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

శోభారాణిది ఇల్లందు. నాన్న ముప్పై ఏళ్లు గనిలో బొగ్గు కొట్టాడు. డ్యూటీకి పోని రోజును ఇటువైపు నాగా అంటారు. నాగా ఎందుకు పడిందో చెప్పుకుందామని ఆయన ఆఫీసు కిటికీ ముందు నిలబడటం, లోపలివాడు తల ఎత్తకపోవడం, ఈయన నోరు మూసుకుని ఇంటికి రావడం ఆమె చిన్నప్పుడు చాలాసార్లు చూసింది. పంతొమ్మిదేళ్లప్పుడు చర్చిలో మోకరించి దేవుడికి మాటిచ్చింది, ఆ కిటికీ లోపల తాను కూర్చుంటానని. ఎంబీయే ఆ మాట కోసమే చదివింది.

ఎవరి ఉద్యోగం మీదైనా సంతకం పెట్టే ముందు ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. మనసుకు నెమ్మది దొరికితే సంతకం, దొరక్కపోతే ఫైలు పక్కకు. తోటివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. కానీ ఎనిమిదేళ్లలో ఆ నెమ్మది ఆమెను ఒక్కసారి కూడా తప్పుదారి పట్టించలేదు.

చలికాలంలో ట్రైనర్ పోస్టు ఒకటి పడింది. జంపయ్య చేత పట్టుబట్టి అప్లై చేయించింది. రోజూ షిఫ్ట్ అయ్యాక క్యాంటీన్లో ఇంటర్వ్యూ ప్రాక్టీస్.

"మీ బలహీనత ఏంటని అడుగుతారు. ఏం చెప్తారు?"

"హెచ్.ఆర్. మేడం అని చెప్త."

"జంపయ్యా!"

"అబద్ధాలు చెప్పొద్దని మీరే నేర్పితిరి."

ఇంకో రోజు అతనే అడిగాడు. "మీ దేవుడు మీకు ఆఫీసు పనులు గూడ చెప్తడా?"

"చెప్తాడు. మనసుకు తెలుస్తుంది."

"మా కోయోళ్ల వేల్పు గట్ల ఒక్కళ్లకు చెప్పదు. ఊరందరికీ కలిపి చెప్తది."

"మరి నువ్వొక్కడివే ఏమన్నా అడగాలంటే?"

"ఒక్కణ్నే అడిగేటిది ఏముంటది?" అని టీ గ్లాసు కింద పెట్టి, ఆమె ముఖంలోకి చూశాడు. "ఇంతకు ముందైతే లేకుండె."

మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ట్రైనర్ పోస్టు అతనికే వచ్చింది. మేడం శోభ అయ్యింది. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు, తొందరేముందిలే అన్నట్టు.

మే నెల ఆఖర్లో ఒక సాయంత్రం జంపయ్య క్యాంటీన్లో చెప్పాడు. "పూజారి రోజు పెట్టిండు శోభా. రేపటి సంది భూమి పండుగ. వారం రోజులు డ్యూటీకి రాము. అడవిల ఫోన్లు గూడ కలవయ్."

జంపయ్య వాళ్ల కోయ గూడెం పద్ధతి ఇక్కడ చెప్పాలి. విత్తనం వేసే ముందు భూమికి చేసే పండుగ అది. తేదీ ముందుగా ఎవరికీ తెలియదు. పూజారి రోజు పెట్టిన మర్నాడు మగవాళ్లంతా అడవికి కదలాల్సిందే. గనిలో పనిచేసేవాళ్లు తలా ఒక సెలవు చీటీ రాయరు. ఊరు ఒక మనిషిని పంపుతుంది. అతను పోయి అక్కడి పెద్దకు చెబితే అందరూ చెప్పినట్టే. పాత టైమ్‌కీపర్‌కి ఈ సంగతి తెలుసు, ఎన్నో ఏళ్లు అట్లాగే నడిపించాడు. ఆయన నిరుడు రిటైరయ్యాడు. ఈసారి కబురు మోసింది జంపయ్య. హెచ్.ఆర్. మేడం కంటే పెద్ద ఇంకెవరు? ఆమెకు చెప్పేశాడు. ఊరు అప్పగించిన పని అయిపోయిందనుకున్నాడు.

శోభారాణికి అది ఊరి కబురని తోచనే లేదు. తన మనిషి తనతో చెప్పుకుంటున్నాడనుకుంది.

"వారమా?" అంది. "వచ్చేటప్పుడు నాకేం తెస్తావు?"

"ఏం కావాలె?"

"నువ్వు జల్దీ రా. చాలు."

ఆఫీసుకు పోయి కంప్యూటర్‌లో అతని సెలవు ఎక్కించింది, అతనొక్కడిదే. ఇంత చదువు చదివి, ఇంతమందికి మనుషుల్ని అర్థం చేసుకోవడం నేర్పినామె. ప్రేమలో పడితే చెవులు రెండూ ఒక్కడికే పనిచేస్తాయి కాబోలు.

పండుగ ఆరో రోజు ప్రాజెక్ట్ మేనేజర్ వెంకటేశ్వరరావు పిలిచాడు. మట్టి పని తగ్గుతోంది, పదిమందికి తక్కువ కాకుండా సాయంత్రంలోపు తీసెయ్యాలని పైనుంచి ఆర్డర్.

"పేర్లు మీరే ఇవ్వండి శోభారాణి గారూ. మీరైతే న్యాయంగా చేస్తారు."

ఎవరి ముఖమూ చూడకూడదనుకుని ఆమె ఒకే రూలు పెట్టుకుంది. చెప్పకుండా వరసగా ఐదు నాగాలు పెట్టినవాళ్లు. కంప్యూటర్ పదకొండు పేర్లు ఇచ్చింది. పేరు, నంబరు, అంతే. ఎవరిది ఏ ఊరో అందులో లేదు. వచ్చి పది నెలలైనా, రెండు వందల మందిలో ఒక్కడి ఊరు తప్ప ఆమెకు ఇంకెవరిదీ తెలియదు.

కళ్లు మూసుకుంది. మనసు ఎంతో నెమ్మదిగా ఉంది. సంతకం పెట్టింది.

ఆ నెమ్మది దేవుడిచ్చింది కాదు. ఎల్లుండి జంపయ్య వస్తాడన్న సంతోషం. ఆ రెంటికీ తేడా పోల్చుకోలేని రోజు తనకొకటి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పండుగ అయిపోయి, గూడెం నుంచి గనికి వచ్చే పన్నెండు మందీ పొద్దున షిఫ్టుకు కలిసే వచ్చారు. పదకొండు కార్డులకు గేటు తెరుచుకోలేదు. ఒక్క జంపయ్య కార్డుకు తెరుచుకుంది.

అతను ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను చెప్పిన గద మేడం."

మేడం అనేసరికి ఆమె కుర్చీలోంచి లేచింది. "నువ్వు నీ సెలవు చెప్పావు..."

"నా ఒక్కని సెలవు చెప్పెటందుకు వచ్చిన్నా? ఊరు పంపితే వచ్చిన. అందరిదీ చెప్పిన. ఇప్పుడు ఊర్ల ఏమంటున్నరో ఎరికేనా? జంపయ్య తన సెలవు రాయించుకున్నడు, మావి మింగిండు అంటున్నరు. గేటు తెర్సుకునేది పదకొండు మంది చూసిన్రు."

"జంపయ్యా, నాకు నిజంగా..."

"ఆ పదకొండు మందిల గంగక్క కొడుకు నన్ను కొడ్తడనుకున్న. కొట్టలె. నా మొకం చూడకుంట పోయిండు." తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు.

ఆమె నేరుగా వెంకటేశ్వరరావు దగ్గరికి పోయింది. "తప్పు నాది సార్. సెలవు నాకు ముందే చెప్పారు. నేనే ఎక్కించలేదు."

"కాగితం ఉందా?"

"లేదు. టీ తాగుతూ చెప్పాడు."

వెంకటేశ్వరరావు బోనకల్ మనిషి. చెడ్డవాడేం కాదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రాసిస్తే మీ ఉద్యోగం పోతుందమ్మా. వాళ్లవి రావు. లేని పని నేనెక్కడ్నుంచి తేను?"

"అయినా రాసిస్తాను సార్."

రాసిచ్చింది. ఆయన చెప్పినట్టే అయ్యింది. ఆమెది పోయింది, వాళ్లవి రాలేదు.

మణుగూరులో కిరాయి గదిలో నాలుగు రోజులు అట్లాగే పడి ఉంది. మోకరిస్తే నోట మాట రాలేదు. ఇన్నేళ్లూ తాను విన్నది దేవుడి మాటేనా, తన మాటే దేవుడిదనుకుందా? తన చేతి సంతకం గుర్తొచ్చినప్పుడల్లా ఆ చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది.

ఒక్క విషయం మాత్రం తేటగా తెలుసు. పనులు రాకపోవచ్చు. కానీ అక్కడొక మనిషిని ఊరు దొంగలాగా చూస్తోంది. ఆదివారం చర్చికి పోకుండా గూడెం పోయే ఆటో ఎక్కింది.

గూడెంలో పెద్దదిక్కైన గంగక్క ఇంటి ముందు ఊరంతా కూడింది. వాళ్లలో వాళ్లు కోయ భాషలో ఏదో అనుకుంటున్నారు. జంపయ్య దూరంగా దడి దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. అతని పక్కన ఎవరూ నిలబడలేదు.

"జంపయ్య మీకు ద్రోహం చెయ్యలే," అంది శోభారాణి. "కబురు నాకు చెప్పిండు. మీ అందరిదీ చెప్పిండు."

గంగక్క తల ఎత్తింది. "మరి నువ్వేం విన్నవ్ బిడ్డా?"

ఏ ప్రశ్నకు ఏం జవాబివ్వాలో ఎంతమందికి నేర్పిందో ఆమె. ఈ ప్రశ్నకు నేర్చుకున్నది ఏదీ పనికి రాలేదు.

"ఈయన వారం రోజులు నాకు కనబడడు అని విన్న," అంది. "నాకింకేం వినబడలే గంగక్కా."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాటకు అర్థం తెలియనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. దడి దగ్గర జంపయ్య తల వంచుకున్నాడు.

"అయితే పిల్లగాని తప్పు లేదన్నట్టు," అంది గంగక్క. "మా పోరగాండ్ల పనులు మల్ల వస్తయా?"

"రావు."

గంగక్క లేచి లోపలికి పోయింది.

రోడ్డు దాకా జంపయ్య వెంట వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు.

"నేను గూడ మానేసిన," అన్నాడు.

"ఎందుకు? ఇప్పుడు ఊరికి నిజం తెలిసింది కదా."

"నువ్వు రాకముందే మానేసిన. ఆ గేటు నా ఒక్కనికే తెర్సుకుంటాంటే లోపలికి కాళ్లు రాలె."

"నా మీద కోపం ఉందా?"

"ఉన్నది. మస్తుగున్నది." కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నాడు. "ఊరంతటి ముందర చెప్పినవ్. నాకు మాత్రం ఒక్కసారి గూడ చెప్పలె."

"పండుగ నుంచి రాంగనే చెప్దామనుకున్న." ఏడుపు ఇక దాచుకోలేదు. "ఇప్పుడు చెప్పనా?"

"వద్దు శోభా. నువ్వు చెప్తే నేను అవ్ అంట. అవ్ అని, రోజూ గంగక్క ఇంటి ముందర్నించి ఎట్ల నడవాలె?"

మణుగూరు మీదుగా పోయే భద్రాచలం బస్సు వచ్చి ఆగింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది.

"ఎక్కుతున్నరా, లేదా?" అన్నాడు కండక్టర్.

కాలు దించేసింది. బస్సు వెళ్లిపోయింది. చున్నీతో ముఖం తుడుచుకుని, రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది.

"గంగక్క కొడుకు ఏ బండి నడుపుతడు?" అని అడిగింది.

జంపయ్య దగ్గరికి వచ్చాడు. "డోజర్," అన్నాడు. "ఎనిమిదేండ్ల సంది."

"ఎంతవరకు చదివిండు? ఇంట్ల ఎంతమంది?"

చెప్పాడు.

"సత్తుపల్లి దిక్కు గనుల్ల నాకు తెలిసినోళ్లు ఇద్దరున్నరు. ఇస్తరో లేదో తెల్వదు, పోయి అడుగుత. మిగతా పదిమంది గురించి గూడ చెప్పు. ఒక్కొక్కళ్లది చెప్పు."

రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి జంపయ్యకు ఏడుపు ఆగలేదు. అతను మళ్లీ మొదలుపెట్టేదాకా ఆమె అట్లాగే కూర్చుని ఉంది.