అది బ్లండర్ కాదు

"గ్బగౌన్."

వెనక బెంచీలోంచి మొదట వసియు అన్నాడు. ఆ వెంటనే క్లాసంతా అందుకుంది. "గ్బగౌన్, గ్బగౌన్."

సిమి ఇంకా నిలబడే ఉంది. ఆమె చెవులు వేడెక్కిపోయాయి. ఆ మాట తను ఎంతమందిని అందో లెక్కే లేదు. తనని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

ఇనప పళ్లెం చేజారి సిమెంటు నేల మీద పడితే వచ్చే చప్పుడే గ్బగౌన్. మా ఇబాదాన్‌లో ఎవరైనా తప్పుగా మాట్లాడితే, ముఖ్యంగా ఇంగ్లీషులో, పిల్లలు ఆ చప్పుడు చేస్తారు. పళ్లెం పడితే ఎవరు పడేశారా అని అందరూ తిరిగి చూస్తారు కదా, ఇదీ అంతే. పడేసినవాళ్లకి మాత్రం ఏ బల్ల కిందన్నా దూరిపోదామా అనిపిస్తుంది.

"చాలు, ఆపండి" అంది రోంకే టీచర్. "సిమీ, నీ వాక్యం మళ్లీ చెప్పు."

బోర్డు మీద ఆ వారం మాట పెద్ద అక్షరాలతో ఉంది. బ్లండర్. ఆ మాటతో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చెప్పాలి.

సిమి గొంతు తగ్గించి చెప్పింది. "మా తమ్ముడు నా మీద కోపంతో నా డ్రాయింగ్ పుస్తకం చింపి పెద్ద బ్లండర్ చేశాడు."

"పొరపాటున చింపాడా, కావాలని చింపాడా?"

"కావాలనే, టీచర్. నవ్వుతూ చింపాడు."

క్లాసు మళ్లీ నవ్వింది.

"అయితే అది బ్లండర్ కాదు" అంది టీచర్. "తెలియక, చూసుకోక, తొందరపడి చేసే తప్పు బ్లండర్. తెలిసి చేసినదానికి వేరే పేర్లున్నాయి. సోమవారం ఇంకో వాక్యం రాసుకుని రా. ఇదారా, నువ్వు చెప్పు."

మొదటి బెంచీలో ఇదారా లేచింది. ఆ పిల్ల వేరే భాష మాట్లాడే ఉయో ఊరి నుంచి వచ్చి ఆరు వారాలే అయింది. వాళ్లమ్మ నర్సు. ఈ ఊరికి బదిలీ మీద వచ్చారు.

"టీలో పంచదార అనుకుని మా అమ్మ ఉప్పు వేసేసింది. అది బ్లండర్. మా నాన్న ఆ టీ మొత్తం తాగేసి, బాగుంది అన్నాడు. అది ప్రేమ."

టీచర్ చప్పట్లు కొట్టింది. వసియు బల్ల మీద దరువేశాడు. గోడకున్న పసుప్పచ్చ అట్ట మీద, ఆ వారం మాట కింద, ఇదారా వాక్యం ఎక్కింది. పక్కన ఇదారా పేరు కూడా ఎక్కింది.

ఆ అట్ట సిమిది. అంటే బడిదే అనుకోండి, కానీ సిమి అలా అనుకోదు. పోయిన టర్ములో పదకొండు వారాల్లో తొమ్మిది వారాలు దాని మీద సిమి పేరే ఉంది. అట్ట మీద పేరు ఎక్కినవాళ్లు శుక్రవారం అసెంబ్లీలో వేదికెక్కి ఆ మాట బడికంతా నేర్పుతారు. ఇప్పుడు వరసగా నాలుగు వారాలుగా ఇదారాయే ఎక్కుతోంది.

సిమికి కుళ్లుగా ఉంది. దాన్ని ఇంకో రకంగా చెప్పడానికి లేదు. ఇదారా జడలు చూస్తే కుళ్లు. గుండ్రటి చేతిరాత చూస్తే కుళ్లు. చివరికి ఆ పిల్ల పెన్సిల్ చెక్కుకుంటున్నా, అది కూడా తనకంటే బాగా చెక్కుతోందని కుళ్లు.

పైగా వచ్చేది నెలలో చివరి శుక్రవారం. ఆ రోజు అసెంబ్లీకి ఇళ్లలో పెద్దవాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. సిమి నానమ్మ అప్పుడే నీలం తలగుడ్డకి గంజి పెట్టి ఆరేసింది.

"ఈసారి ఏం మాట చెప్తావే?" అని అడిగింది నానమ్మ.

"ఇంకా రాలేదు నానమ్మా" అంది సిమి. ఈసారి వేదికెక్కేది తను కాదని చెప్పడానికి నోరు రాలేదు.

గురువారం కుళాయి దగ్గర ఇదారా వచ్చి పక్కన నిలబడింది.

"సిమీ, ఒకటి అడగనా? నాకు మీ భాష ఇంకా రాలేదు. రేపు పెద్దవాళ్లు వస్తారట కదా. వాళ్లని మీ భాషలో పలకరిద్దామనుకుంటున్నా. పొద్దున్న అయితే 'ఎ కారో' అనాలా, 'కారో' అనాలా? నేను రెండూ విన్నాను."

నిజానికి రెండూ ఉన్నాయి. కానీ గౌరవమంతా ఆ ముందున్న చిన్న 'ఎ'లోనే ఉంది. తోటివాళ్లని, తమ్ముళ్లని 'కారో' అంటే సరిపోతుంది. పెద్దవాళ్లని 'ఎ' లేకుండా పలకరించడమంటే, ముసలాయన ముందు నిలబడి 'ఏరా, లేచావా' అన్నట్టు. మా వీధుల్లో రెండేళ్ల పిల్లలకి కూడా ఆ తేడా తెలుసు.

సిమి కుళాయి కట్టేసింది.

"కారో చాలు" అంది.

"ముందు 'ఎ' అక్కర్లేదా?"

"అది పాతకాలం వాళ్లు అంటారులే."

"థాంక్స్ సిమీ" అంది ఇదారా. దారి పొడవునా 'కారో, కారో' అని పలుకుతూ క్లాసుకి వెళ్లింది.

శుక్రవారం పొద్దున్న ముందు వరసలో పన్నెండు మంది పెద్దవాళ్లు కూర్చున్నారు. నానమ్మ నీలం తలగుడ్డ అందరికంటే ఎత్తుగా ఉంది. వేదిక మీదికి ఎవరో కొత్త పిల్ల వస్తుంటే నానమ్మ మెడ చాచి సిమి కోసం వెతికింది. సిమి వసియు వెనక నక్కింది.

పెద్దవాళ్లని పలకరించేటప్పుడు ఇక్కడి ఆడపిల్లలు చేసినట్టే, ఇదారా రెండు మోకాళ్లూ చక్కగా ఆనించి కూర్చుంది. నవ్వుతూ, వెనక వరసలకి కూడా వినపడేంత గట్టిగా అంది.

"కారో."

ముందు వరసలో ఒక తాత చేతికర్రతో నేల మీద కొట్టాడు. ఆ తర్వాత ఎక్కడి నుంచో ఒక్క గొంతు లేచింది.

"గ్బగౌన్."

ఇక బడంతా ఆగలేదు. పెద్ద టీచర్ గంట కొట్టాల్సి వచ్చింది. ఇదారాకి తను ఏం తప్పు చేసిందో తెలియదు. లేచి నిలబడి సిమి కోసం చూసింది. సిమి తల వంచుకుని తన చెప్పుల పట్టీలు చూసుకుంది.

ఇదారా తన వాక్యం మొదలుపెట్టింది. ఉప్పు అనాల్సిన చోట పంచదార అంది, పంచదార అనాల్సిన చోట ఉప్పు అంది. నాన్న మాట దాకా రానేలేదు. అక్కడే ఆపేసి దిగిపోయింది.

గేటు దగ్గర నర్సు బట్టల్లో ఇదారా వాళ్లమ్మ నిలబడి ఉంది. నానమ్మ తిన్నగా ఆమె దగ్గరికి నడిచింది.

"చూడమ్మా, పిల్లకి ఇంగ్లీషు బాగా నేర్పావు. సంతోషం. పెద్దవాళ్ల దగ్గర ఎలా ఉండాలో కూడా కాస్త నేర్పు."

నర్సమ్మ తల వంచింది. "క్షమించండమ్మా" అంది. ఇదారా చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె కూతుర్ని తిట్టలేదు, కొట్టలేదు. అది చూడటం సిమికి ఇంకా కష్టంగా ఉంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నానమ్మ ఇంకా అదే మాట్లాడుతోంది. "నా మనవరాలైతే చచ్చినా అలా అనదు. దీనికి పెంపకం ఉంది" అంటూ కూరలోంచి పెద్ద చేప ముక్క తీసి సిమి పళ్లెంలో వేసింది.

సిమికి చేపంటే ప్రాణం. ఆ ముక్కని మాత్రం తమ్ముడి పళ్లెంలోకి తోసేసింది.

ఆదివారం కూర్చుని కొత్త వాక్యం రాసింది. ఎంత మంచి వాక్యమంటే, రాశాక తనకే నవ్వొచ్చింది. 'దర్జీ చొక్కాకి మూడు చేతులు కుట్టడం బ్లండర్. ఆ చొక్కా తొడుక్కుని మూడో చెయ్యి కోసం వెతుక్కోవడం ఇంకా పెద్ద బ్లండర్.' ఇది ఖాయంగా అట్ట ఎక్కుతుంది.

సోమవారం బడి మెట్ల మీద ఇదారా ఎదురుచూస్తోంది.

"సిమీ, నువ్వేం బాధపడకు" అంది. "నువ్వు కూడా పొరపాటు పడ్డావని నాకు తెలుసు. ఎవరు చెప్పారు నీకలా అని అమ్మ అడిగింది. నీ పేరు చెప్పలేదు. అది ఉత్త బ్లండర్ కదా."

సిమి తలూపింది. అంతే చేసింది. తలూపితే సరిపోయింది, అంతా అయిపోయింది, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అయినా మెట్లెక్కుతుంటే ఇదారా పక్కన నడవలేక వెనకబడింది.

క్లాసులో టీచర్ అంది. "సిమీ, నీ వాక్యం బాకీ ఉంది."

సిమి నోటుబుక్కు తెరిచి నిలబడింది. "దర్జీ చొక్కాకి..." అని ఆగిపోయింది.

"ఊఁ, చెప్పు. దర్జీ?"

గోడ మీద పసుప్పచ్చ అట్ట కనిపిస్తోంది. దాని మీద ఇదారా వాక్యం ఇంకా ఉంది. సిమి నోటుబుక్కు మూసేసింది.

"శుక్రవారం ఇదారా పెద్దవాళ్లని 'కారో' అనడం బ్లండర్" అంది మెల్లిగా. "ఆమెకి అలా నేర్పడం బ్లండర్ కాదు. నేర్పింది నేనే, టీచర్. నాకు తెలుసు."

వెనక బెంచీలో వసియు నోరు తెరిచాడు. చప్పుడు చెయ్యకుండానే మూసేశాడు.

రోంకే టీచర్ చేతిలో సుద్దముక్క అటూ ఇటూ తిప్పింది.

"వాక్యంలో తప్పు లేదు" అంది చివరికి. "కూర్చో."

ఆ వాక్యాన్ని అట్ట మీద రాయలేదు. ఇదారా వెనక్కి తిరిగి చూడలేదు.

బెల్లు కొట్టాక సిమియే వెళ్లి కుళాయి దగ్గర నిలబడింది. ఇదారా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకు తెలిసే చెప్పావా?"

"తెలిసే."

"ఎందుకు?"

సిమికి చాలా సాకులు గుర్తొచ్చాయి. అవేవీ చెప్పలేదు. "అట్ట మీద నీ పేరు చూడలేకపోయా. కుళ్లుకున్నా."

ఇదారా కుళాయి విప్పి, నీళ్లు తాగకుండానే కట్టేసింది. "అందరూ నవ్వినా నేను ఊరుకునేదాన్ని. మీ నానమ్మ మా అమ్మని అంది. ఆ రోజు నుంచి అమ్మ పొద్దున్నే పక్కింటివాళ్లని పలకరించడానికి కూడా భయపడుతోంది. నాకు సారీ వద్దు. మీ నానమ్మకి చెప్పు."

మళ్లీ పదిసార్లు క్లాసులో నిలబడమన్నా సిమి నిలబడేది. నానమ్మ ముందు మాత్రం... ఆ చేప ముక్క గుర్తొచ్చింది.

"నువ్వూ రా" అంది.

మధ్యాహ్నం నానమ్మ అరుగు మీద కూర్చుని కూరకి పుచ్చగింజలు ఒలుస్తోంది. ఇదారా గేటు బయటే ఆగిపోయింది. సిమి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, కుళాయి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. ఒక్క ముక్క కూడా మింగలేదు.

నానమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఒడిలో గింజలు అలాగే ఉన్నాయి.

"నువ్వే?" అంది. "నా మనవరాలు?"

"నేనే, నానమ్మా."

నానమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. దెబ్బ పడితే బాగుండును అనిపించింది సిమికి.

"ఆ తల్లిని అందరిముందూ అనేశాను" అంది నానమ్మ మెల్లిగా. "ఆమె నాకు తలవంచింది. పెంపకం ఎక్కడ లేదో నాకు తెలియలేదు." ఒడిలో పొట్టు దులుపుకుంది. "లోపలికెళ్లి నా నీలం తలగుడ్డ తీసుకురా. ఆ నర్సమ్మ ఇంటికి వెళ్లాలి. నువ్వు ముందు నడు, దారి చూపించు."

తలగుడ్డ తీసుకుని సిమి బయటికి వచ్చేసరికి ఇదారా గేటు దాటి లోపలికి వచ్చేసింది. అరుగు ముందు రెండు మోకాళ్లూ ఆనించి కూర్చుంది. ఈసారి ఆ చిన్న అక్షరం ఎక్కడ జారిపోతుందో అన్నట్టు దాన్ని ఒత్తి పలికింది.

"ఎ కారో."

మధ్యాహ్నం మూడయింది. పొద్దుటి పలకరింపు ఎప్పుడో అయిపోయింది.

గ్బగౌన్ అనే మాట సిమి నాలుక చివరికి వచ్చేసింది. అలవాటు కదా. సిమి దాన్ని మింగేసింది. తలగుడ్డ చేత్తో పట్టుకునే వెళ్లి, ఇదారా పక్కనే, పుచ్చగింజల పొట్టు మీద మోకాళ్లూనింది. ఇదారాకి బాగా వినపడేలా, మధ్యాహ్నం పలకరింపుని ఒక్కో అక్షరం విడదీసి పలికింది.

"ఎ కాసాన్, నానమ్మా."

ఇదారా ఆమె పెదాల వైపు చూసింది. సిమి మళ్లీ అంది. ఈసారి ఇద్దరూ కలిసి అన్నారు.

నానమ్మ ఇద్దరి తలల మీదా చెరొక చెయ్యి వేసి, ఆ పలకరింపుకి బదులు చెప్పింది.