ఒకటి కొడితే ఆపాలి

దెయ్యాల కథలు అర్ధరాత్రే జరుగుతాయని చెప్పేవాళ్ళు గోదావరిఖనిలో ఒక్క ఎండాకాలం కూడా గడిపి ఉండరు. ఇక్కడ మే నెలలో పన్నెండు దాటిందంటే రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. తలుపులన్నీ మూసి ఉంటాయి. ఎవరైనా అరిచినా వినేవాళ్ళుండరు. తెలంగాణ రావడానికి రెండేళ్ళ ముందు, అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక పాత బండి కొనాలా వద్దా తేల్చుకుందామని నేను మా బామ్మర్ది బుచ్చన్నను వెంటబెట్టుకుని బయల్దేరాను.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు రఘుపతి. ముప్పై ఏళ్ళు బాయిలో హాలేజీ నడిపాను. బొగ్గు గనిని మేం బాయి అంటాం. హాలేజీ అంటే పైన ఇంజను గదిలో కూర్చుని, ఇనుప తాడుతో లోపలి నుంచి బొగ్గు టబ్బులను గుంజే పని. కింద ఏం జరుగుతోందో మనకు కనపడదు. కింద ఉన్న మనిషి గంట కొడతాడు, మనం లెక్కబెట్టుకోవాలి. ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే గుంజాలి. మూడు కొడితే తాడు కిందికి వదలాలి. ముప్పై ఏళ్ళు నా చేతులూ కాళ్ళూ ఆ లెక్క మీదే కదిలాయి. నిద్రలో గిన్నె చప్పుడైనా నా కాలు బ్రేకు కోసం వెతుక్కుంటుందని నా భార్య శోభ నవ్వేది. ఏ గంటకు ఏం చెయ్యాలో మాత్రం ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

రిటైరై నాలుగు నెలలైంది. సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో కూర్చుని గోడలు చూడటం నా వల్ల కాలేదు. ఒక బండి కొని బాయి ఆఫీసుకు కిరాయికి పెట్టుకుంటే ఇంకో పదేళ్ళు మనిషిలా బతకొచ్చనుకున్నాను. తెలిసిన ఆఫీసరు ఒకాయన ఒప్పుకున్నాడు. సోమవారం పొద్దున బండి ఆయన కళ్ళ ముందుండాలి, లేకపోతే ఆ కిరాయి ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అంటే నాకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

బండి జ్యోతినగర్‌లో ఉండే చక్రపాణి గారిది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టులు చేసుకుంటూ స్థిరపడ్డ మనిషి. తెల్లరంగు డీజిల్ బండి. పైకి ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"ఇంజను బంగారమండీ," అన్నాడాయన తాళాలు చేతిలో పెడుతూ. "గేరు మార్చినప్పుడల్లా ఎక్కడో ఒక్కసారి టక్కుమంటాది. అదొక్కటే. నలుగురు మెకానిక్కులకి చూపించానండీ, ఎవళ్ళకీ దొరకలేదు. మీ బామ్మర్ది గారికి చూపించుకుని సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పండి."

బుచ్చన్న నా పక్కన కూర్చున్నాడు. వాడు శోభకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై ఐదేళ్ళుగా బసంత్‌నగర్ రోడ్డు మీద లారీలకు, జీపులకు మరమ్మతు చేసే మనిషి. చక్రపాణి గారి వీధి దాటి రెండో గేరు వేశాను.

టక్.

ఒకటి. నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. బుచ్చన్న నుదురు పోయి ముందు అద్దానికి కొట్టుకుంది.

"గట్ల తొక్కితివేంది బావ!"

"సప్పుడైంది గద."

"ఏం సప్పుడు? నాకేం ఇనవడలె."

నాకు ఒళ్ళు మండింది. అంత గట్టిగా కొడితే వినబడలేదంటాడేమిటి? మళ్ళీ నడిపాను. మూడో గేరు. టక్. కాలు మళ్ళీ బ్రేకు మీదికి పోయింది. ఇది గంట కాదు, గేర్‌బాక్సు చప్పుడు, ఆపకు అని నా కాలును నేనే తిట్టుకున్నాను. ప్రతి గేరుకూ ఒకటే టక్. బసంత్‌నగర్ చేరేసరికి కాలు దారికొచ్చింది. ముప్పై ఏళ్ళ అలవాటును పావుగంటలో చంపేశాను, అందుకు అప్పుడు సంబరపడ్డాను కూడా.

షెడ్డులో ఎవరూ లేరు. ఆదివారం కదా, పనివాళ్ళు రారు. రేకుల కప్పు కింద డీజిల్ వాసన, కాలిన రబ్బరు వాసన. బుచ్చన్న వెనక తలుపు తెరిచాడు. వెనక సీట్లు లేవు. నేల మీద ఇనుప రేకు కొట్టి ఉంది.

"పాత బోర్డు పేరు కనవడ్తాంది సూడు," అన్నాడు తలుపు మీద పెచ్చు లేచిన రంగును గోటితో గీకుతూ. "ఇది మీ బాయి ఆఫీసుల తిరిగిన బండే బావ."

లోపలికి వంగి చూశాను. రేకు మధ్యలో చిన్న సొట్ట ఉంది. వేలి కణుపు పట్టేంత. బండిని అప్పుడు గుర్తుపట్టాను.

అప్పటికి అది జరిగి ఎనిమిదేళ్ళు. పోశం అని, మా బాయిలో కింద గంట కొట్టే మనిషి. ఆ రోజు నేను నిండు టబ్బులను పైకి గుంజుతున్నాను. ఒక టబ్బు పట్టా తప్పి పోశాన్ని గోడకు అదిమింది. ఒకటి కొట్టాడు. నా చేతిలో చాయ్ గ్లాసుంది. ఒక్క గుక్క తాగి ఆపుదాం అనుకున్నాను. మళ్ళీ ఒకటి కొట్టాడు. ఇంకో గుక్క. మళ్ళీ ఒకటి. గ్లాసు కింద పెట్టి, మూడయ్యాయి కదా అని తాడు వదిలాను. నిండు టబ్బులు అతని మీదికి దిగాయి.

అంబులెన్సు వేరే బాయికి పోయి ఉంది. ఈ బండి వెనక సీట్లు పీకేసి, రేకు మీద పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. పోశానికి దవడ లేదు. మాట రాదు. దారి పొడుగునా వేలి కణుపుతో రేకు మీద కొడుతూనే ఉన్నాడు. టక్. ఆగేవాడు. టక్. మళ్ళీ ఆగేవాడు. ప్రతిసారీ ఒక్కటే. నేను ఎన్ని కొట్టానో చెప్పు, చెప్పు అని అడుగుతున్నాడని నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. దవాఖాన గేటు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.

విచారణలో మూడు విన్నానని రాసిచ్చాను. తప్పు గంట కొట్టింది పోశమే అని తేల్చారు. అతని భార్య మల్లక్క నా చెయ్యి పట్టుకుని, "ఆయన ఎన్ని కొట్టిండే అన్నా?" అని అడిగింది. "మూడే మల్లక్కా," అన్నాను. అంత నీచపు పని నేను చేశాను. దాచేదేముంది?

బుద్ధున్నవాడైతే తాళాలు అక్కడే పారేసి ఇంటికి పోయేవాడు. కానీ తెల్లారితే సోమవారం.

"వద్దు బావ," అన్నాడు బుచ్చన్న. డ్రైవరు సీట్లో కూర్చుని గేరు రాడ్ అటూ ఇటూ కదిపి చూస్తున్నాడు. "నా మనసు ఒప్పుతలేదు. గేరు ఏత్తాంటే... అటుదిక్కు నుంచి ఎవలో పట్టుకున్నట్టు తెలుస్తాంది. ఇంకోటి సూద్దాం."

"ఇంకోటి చూసే టైమేది? కిందికి పోయి సూడకుండనే వద్దంటవేంది? నీ అక్క బతుకు బాగుపడుడు నీకు ఇష్టం లేదా?"

అనకూడని మాట. వాడి మొహం చిన్నబోయింది. వెనక చక్రాలు గాల్లోకి లేచేలా జాకీలు పెట్టాడు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాడు. మెడలో తువ్వాలతో చెమట తుడుచుకుని, పానా అందుకున్నాడు.

"నువ్వు ఇంజన్ సాలు చేసి రెండో గేరుల పెట్టు. ఆ సప్పుడుల నేను పిలిస్తే నీకు ఇనవడది. పానాతోని కొడ్త. మీ బాయి లెక్కనే... ఒకటి కొడితే ఆపు. మూడు కొడితే రేసు పెంచు." అని నవ్వాడు. "నీకు నేను చెప్పుడేంది!"

వాడు నవ్వడం అదే చివరిసారి. వీపు మీద పాకుతూ బండి కిందికి పోయాడు.

సరిగ్గా రెండు గంటలకు ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పెట్టే బాంబులు పేలాయి. రోజూ పేలేవే. రేకులు గడగడలాడి కప్పు నుంచి దుమ్ము రాలింది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఇంజను స్టార్టు చేయబోతుంటే కింది నుంచి బుచ్చన్న గొంతు వినిపించింది. గుసగుసగా...

"బావ... వెనక ఎవలెక్కిన్రు?"

"ఎవలు లేరు."

"కమాన్ పట్టీలు కుంగినయ్ బావ. మనిషి పండుకున్నంత బరువు పడ్డది."

అద్దంలోకి చూశాను. ఖాళీ రేకు. కానీ అది తడిగా ఉంది. అంత ఎండలో నా మెడ వెనక చల్లటి గాలి తగిలింది. తడి బొగ్గు వాసన, మందుగుండు పొగ వాసన. బాయి లోపలి గాలి అది. ముప్పై ఏళ్ళు పీల్చినవాణ్ణి, నాకు తెలియదా?

బయటికి రారా అనాలి. ఒక్క మాట చాలు. కానీ అప్పుడు కారణం చెప్పాలి. పోశం సంగతి చెప్పాలి.

"నువ్వు పని సూడు," అన్నాను.

తాళం తిప్పాను. రెండో గేరు వేసి క్లచ్ వదిలాను. వెనక చక్రాలు గాల్లో తిరగడం మొదలుపెట్టాయి. బండి సన్నగా వణుకుతోంది.

టక్.

కాలు లేవబోయింది. నొక్కిపెట్టాను. గేర్‌బాక్సు చప్పుడు. ఆపకు.

టక్.

కింది నుంచా? వెనక నుంచా? ఆపకు... ఆపకు...

టక్.

మూడు. మూడయ్యాయి. రేసు తొక్కాను.

ఇంజను గొంతు మారింది. దేన్నో మందంగా చుట్టుకుంటున్నట్టు మూలిగింది. నా కాళ్ళ కింద, షెడ్డు నేలకు వాడి మడమలు కొట్టుకున్నాయి. దబదబా... దబదబా... గేరు రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు సందులోంచి వేడిగా ఏదో చిమ్మి నా పాదాల మీద పడింది. ఎర్రగా ఉంది. తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది. చక్రాలు ఆగలేదు. ఇంకో నాలుగు చుట్లు తిరిగాయి. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అప్పుడు ఆగాయి.

కిందికి వంగి చూశాను. తువ్వాల కొస తిరిగే షాఫ్టుకు చిక్కింది. హాలేజీ డ్రమ్ముకు తాడు చుట్టుకున్నట్టు వరుసగా, బిగుతుగా చుట్టుకుని ఉంది. దానితో పాటు వాడి జుట్టు, చెవి, చెంప. దవడ లేదు. ఒక కన్ను మాత్రం నన్నే చూస్తోంది. వాడింకా బతికే ఉన్నాడు. పానా ఎక్కడో దూరంగా పడి ఉంది. కుడిచెయ్యి సిమెంటు మీద కదిలింది. వేలి కణుపుతో కొట్టాడు.

టక్.

ఆగాడు. నా మొహం వైపు చూశాడు. మళ్ళీ కొట్టలేదు.

కత్తితో తువ్వాల కోసేసరికి ఎస్సై వచ్చాడు, జనం వచ్చారు, ఆటోలో శోభ వచ్చింది. ఏడవలేదు. తమ్ముడి తల ఒడిలో పెట్టుకుని నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. ఏం జరిగిందని ఎస్సై అడిగితే, గంటల లెక్క పెట్టుకున్నామని చెప్పాను.

"మరి ఎన్ని కొట్టిండయ్యా?"

శోభ రెప్ప వేయలేదు.

"మూడు సార్. రేసు పెంచమన్నడు," అన్నాను.

ప్రమాదం అని రాసుకున్నారు. బండి నేను కొనలేదు. చక్రపాణి గారు దాన్ని మంథని వైపు ఎవరికో అమ్మారని విన్నాను. శోభ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పదమూడో రోజు మాత్రం ఇంట్లో ఉన్న తువ్వాలలన్నీ తెచ్చి వాకిట్లో కాల్చేసింది. నా భుజం మీదున్నది కూడా లాగి మంటలో వేసింది. ఆ తర్వాత మా ఇంట్లోకి తువ్వాల రాలేదు.

నెల తర్వాత మధ్యాహ్నాలప్పుడు ఆ చప్పుడు మొదలైంది. కరెంటు పోయి, శోభ ఇనుప మంచం మీద కునుకు తీసే వేళకు... టక్. మంచం పట్టీ మీద. నిద్రలో ఆమె చెయ్యి తగులుతోందనుకున్నాను. రెండోదాని కోసం ఎదురుచూశాను. రాలేదు. మర్నాడు మళ్ళీ ఒక్కటే. రోజూ ఒక్కటే. నాకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఒక మధ్యాహ్నం లేచి వెళ్ళి చూశాను. శోభ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిద్రపోతోంది.

టక్.

ఇక నా వల్ల కాలేదు. మంచం పక్కన కూలబడి, ఎనిమిదేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట బయటికి అనేశాను.

"ఒకటే... ఒకటే కొట్టిన్రు. ఇద్దరు ఆపుమని ఒక్కొక్కటే కొట్టిన్రు. ఆపలేంది నేనే."

గదిలో చప్పుడు లేదు. చాలాసేపు లేదు. గుండె కాస్త తేలికపడింది. శోభ కళ్ళు తెరిచి నన్ను చూస్తోందని అప్పుడు గమనించాను. ఎప్పటి నుంచి మేలుకుని ఉందో తెలియదు. ఆమె పెదవులు కదల్లేదు, చేతులు కదల్లేదు.

మంచం కింది నుంచి... టక్... టక్.

రెండు.

రెండు కొడితే గుంజాలి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నా చేతులు ఆ మాట కాదనలేదు. డీజిల్ వాసన ముక్కుకు తగిలి కిందికి చూసుకున్నాను. నా మెడ చుట్టూ తడి తువ్వాల ఉంది. దాని రెండు కొసలూ నా రెండు చేతుల్లో ఉన్నాయి.